మంచు మైదానంపై మెరుపు: హోవీ మోరెంజ్ జీవితగాథ

కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1937 మార్చి 11న ఫోరమ్ క్రీడాప్రాంగణం జనంతో నిండిపోయింది. ఆ రోజు అక్కడ ఆట లేదు. కేకలూ చప్పట్లూ లేవు. రింక్ నడుమ ఉంచిన శవపేటికకు వేలాది మంది మౌనంగా తుది వీడ్కోలు పలికారు. ఐస్ హాకీలో తన తరానికి తిరుగులేని ఫార్వర్డ్‌గా పేరొందిన హోవీ మోరెంజ్ 34 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. ఏ ప్రాంగణం ఆయనను తారగా నిలబెట్టిందో, ఏ మంచు మీద ఆయన కాలు విరిగిందో, అంత్యక్రియలు కూడా అక్కడే జరిగాయి.

భారతీయులకు హాకీ అనగానే పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తారు. ధ్యాన్‌చంద్ 1928 నుంచి 1936 వరకు మూడు ఒలింపిక్స్‌లలో భారత్‌కు స్వర్ణాలు సాధించి పెట్టిన కాలంలోనే, కెనడాలో మంచుపై ఆడే హాకీకి మోరెంజ్ ప్రతీకగా వెలిగారు. ఐస్ హాకీలో ఒక్కో జట్టు తరఫున సాధారణంగా ఆరుగురు రింక్‌లో ఉంటారు. కాళ్లకు స్కేట్లు కట్టుకుని, పక్ అనే గట్టి రబ్బరు బిళ్లను కర్రతో ప్రత్యర్థి గోల్‌లోకి కొట్టాలి. ముగ్గురు ఫార్వర్డ్‌లలో మధ్యన ఉండే ఆటగాడిని సెంటర్ అంటారు. మోరెంజ్ ఆ స్థానంలో ఆడేవారు.

1902లో ఆంటారియో రాష్ట్రంలోని మిచెల్ అనే చిన్న పట్టణంలో ఆయన జన్మించారు. తరువాత కుటుంబం సమీపంలోని స్ట్రాట్‌ఫర్డ్‌కు మారింది. అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూనే ఆయన స్థానిక జట్లకు ఆడారు. ఆ కుర్రవాడి వేగం గురించి విన్న మాంట్రియల్ కెనేడియన్స్ క్లబ్ యజమాని లియో డాండ్యురాండ్ 1923లో ఆయనతో ఒప్పందం కుదుర్చుకున్నారు. సంతకం చేసిన కొద్దికాలానికే మోరెంజ్ మనసు మారింది. సొంత ఊరు, చేతిలో ఉన్న ఉద్యోగం విడిచి వెళ్లడానికి ఇష్టపడక ముందుగా అందిన సొమ్మును తిప్పి పంపారు. డాండ్యురాండ్ అందుకు అంగీకరించలేదు. ఒప్పందం రద్దు చేసుకుంటే వృత్తి హాకీలో మరెక్కడా చోటు దొరకదని స్పష్టం చేశారు. అలా అయిష్టంగానే మోరెంజ్ మాంట్రియల్‌లో అడుగుపెట్టారు.

ఆ అయిష్టం ఎంతోకాలం నిలవలేదు. తొలి సీజన్ ముగిసేసరికి, 1924లో, కెనేడియన్స్ స్టాన్లీ కప్ గెలుచుకుంది. ఆ జట్టును ఆరాధించే వారిలో అత్యధికులు ఫ్రెంచ్ భాషీయులు. మోరెంజ్ ఆంగ్లం మాట్లాడే ఆంటారియో వాసి. అయినా ఆయన పక్ అందుకుని కదిలితే చాలు, ఫోరమ్‌లో ప్రేక్షకులు లేచి నిలబడేవారు. భాషాభేదం ఆ అభిమానానికి అడ్డు రాలేదు.

ఆయన వేగానికి అంతటి విలువ రావడానికి నాటి నిబంధనలు కూడా ఒక కారణం. 1929 వరకు ప్రత్యర్థి గోల్ వైపు ఉండే భాగంలో పక్‌ను ముందున్న సహచరుడికి అందించడానికి అనుమతి ఉండేది కాదు. అక్కడ ఫార్వర్డ్ తానే పక్‌ను కర్రతో నడిపించుకుంటూ రక్షకులను దాటుకుని పోవాలి. భారీకాయులైన రక్షకులు శరీరంతో ఢీకొట్టి ఆపడం ఆటలో భాగమే. మోరెంజ్ భారీ మనిషి కారు. పూర్తి వేగంతో దూసుకెళ్తూనే చివరి క్షణంలో దిశ మార్చగల నేర్పు ఆయన ఆయుధం. 1927-28 సీజన్‌లో 43 మ్యాచ్‌లలో 33 గోల్స్ చేసి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని తొలిసారి అందుకున్నారు. ముందుకు పాస్ ఇవ్వడంపై ఆంక్షలు తొలగిన 1929-30లో 44 మ్యాచ్‌లలో 40 గోల్స్ సాధించారు. ఆరెల్ జోలియా ఆయన పక్కన ఆడిన కాలంలో కెనేడియన్స్ 1930, 1931లలో వరుసగా స్టాన్లీ కప్ గెలిచింది. రెండో విజయం నాటికి జానీ గాన్యాన్ ఆయనకు మరోవైపు ఆడారు. 1931, 1932లలో కూడా హార్ట్ ట్రోఫీ ఆయననే వరించింది. దానిని మూడుసార్లు గెలిచిన తొలి ఆటగాడు ఆయనే.

వేగం మీద నిలిచిన కీర్తి వేగంతోపాటే తగ్గుముఖం పట్టింది. వయసు ముప్పై దాటింది. గాయాలు వెంటాడాయి. 1933-34లో ఆయన చేసిన గోల్స్ ఎనిమిదే. ఒకప్పుడు లేచి నిలబడిన ప్రేక్షకుల నుంచే నిరసన కేకలు వినిపించాయి. ఆర్థిక మాంద్యంతో క్లబ్ ఆదాయమూ పడిపోయింది. 1934 అక్టోబరులో యాజమాన్యం ఆయనను చికాగో బ్లాక్ హాక్స్‌కు బదిలీ చేసింది. ఒకనాడు రావడానికి ఇష్టపడని నగరాన్ని విడిచి వెళ్లడం ఈసారి ఆయనకు కష్టమైంది. ఆటగాడి అభీష్టంతో ప్రమేయం లేకుండా క్లబ్బులు బదిలీలు చేసుకునే రోజులవి. చికాగో దుస్తుల్లో ఫోరమ్‌కు వచ్చి గోల్ చేసినప్పుడు మాంట్రియల్ ప్రేక్షకులు లేచి నిలబడి ఆయనకు చప్పట్లు కొట్టారు. 1936 జనవరిలో న్యూయార్క్ రేంజర్స్‌కు మారినా అక్కడా పాత ఆట తిరిగి రాలేదు.

1936లో సెసిల్ హార్ట్ మళ్లీ కెనేడియన్స్ కోచ్ బాధ్యతలు చేపట్టడంతో మోరెంజ్ సొంత గూటికి చేరారు. మళ్లీ జోలియా, గాన్యాన్‌ల నడుమ నిలిచారు. గోల్స్ తక్కువే అయినా సహచరులకు పాస్‌లు అందిస్తూ జట్టు విజయాలకు తోడ్పడ్డారు. ఆ ఆనందం కొన్ని నెలల ముచ్చటే అయింది.

1937 జనవరి 28న ఫోరమ్‌లో చికాగోతో మ్యాచ్ జరుగుతోంది. పక్ కోసం దూసుకెళ్లిన మోరెంజ్ రింక్ అంచున అదుపు తప్పారు. స్కేట్ చెక్క గోడలో ఇరుక్కుంది. వెనకే వేగంగా వస్తున్న చికాగో రక్షకుడు ఎర్ల్ సీబర్ట్ ఆయనపై పడ్డారు. ఎడమ కాలి ఎముకలు పలుచోట్ల విరిగాయి. అది ఆటలో జరిగిన ప్రమాదమే అయినా మాంట్రియల్ అభిమానులు సీబర్ట్‌ను చాలాకాలం క్షమించలేదు.

ఆసుపత్రిలో మొదట సందర్శకుల సందడి ఉండేది. ఇక మునుపటిలా ఆడడం సాధ్యం కాదన్న సంగతి అర్థమయ్యేకొద్దీ ఆయన మానసికంగా కుంగిపోయారు. మార్చి 8న ఆసుపత్రిలోనే తుదిశ్వాస విడిచారు. రక్తపు గడ్డ గుండె రక్తనాళానికి అడ్డుపడడం మరణకారణమని వైద్యులు తేల్చారు. ఆట దూరమైందన్న దిగులే ఆయన ప్రాణం తీసిందని సన్నిహిత సహచరులు నమ్మారు.

ఆయన వెనుక భార్య మేరీ, చిన్న పిల్లలు మిగిలారు. అదే ఏడాది నవంబరులో లీగ్ మేటి ఆటగాళ్లు ఒకవైపు, మాంట్రియల్‌లోని రెండు క్లబ్బుల ఆటగాళ్లు మరోవైపు ఫోరమ్‌లో స్మారక మ్యాచ్ ఆడారు. దాని ద్వారా సమకూరిన సొమ్మును ఆ కుటుంబానికి అందించారు. ఆయన ధరించిన 7వ నంబరును మరెవరికీ ఇవ్వరాదని కెనేడియన్స్ నిర్ణయించింది. ఆ క్లబ్ అలా గౌరవించిన తొలి ఆటగాడు మోరెంజ్. 1945లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి సభ్యులలో ఒకరిగా ఆయనకు చోటు దక్కింది. 1950లో కెనడియన్ ప్రెస్ వార్తాసంస్థ నిర్వహించిన ఎన్నికలో అర్ధశతాబ్దపు ఉత్తమ హాకీ ఆటగాడిగా ఆయన నిలిచారు.

మోరెంజ్ కుమార్తె మార్లిన్‌ను వివాహమాడిన బెర్నీ జెఫ్రియాన్ సైతం కెనేడియన్స్ మేటి ఫార్వర్డ్. ఆయన 5వ నంబరును క్లబ్ 2006 మార్చి 11న శాశ్వతంగా పక్కన పెట్టింది. మోరెంజ్ అంత్యక్రియలు జరిగిన తేదీ కూడా అదే. ఆ ఉదయమే జెఫ్రియాన్ కన్నుమూయగా, సాయంత్రం 5, 7 నంబర్ల పతాకాలు పక్కపక్కనే పైకి లేచాయి. 2012లో జెఫ్రియాన్ మనుమడు బ్లేక్ కెనేడియన్స్ జట్టులో చేరినప్పుడు ఎంచుకున్న నంబరు 57. తాత అంకెనూ ముత్తాత అంకెనూ ఆయన ఒకే జెర్సీపై ధరించారు.