వాల్ట్ డిస్నీ

తెరపై బొమ్మలు నడచుట, మాటలాడుట, కంటనీరు పెట్టుట మనకు నేడు వింత కాదు. గీతల కట్టి జీవము పోయుటకై తన బ్రతుకంతయు వెచ్చించినవారిలో అగ్రగణ్యుడు వాల్ట్ డిస్నీ.

అతడు 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన అమెరికా దేశమందలి చికాగో నగరమున జన్మించెను. అతడు నాలుగేండ్ల పసివాడై యుండగా తండ్రి ఎలియాస్ కుటుంబముతో మార్సెలిన్ అను చిన్న ఊరు చేరి సేద్యము సాగించెను. అచ్చటి పశుపక్ష్యాదులను చూచి బొమ్మలు గీయుట బాలునికి అలవడెను. సేద్యము కలిసిరాకపోగా, 1911లో తండ్రి కాన్సస్ సిటీకి తరలి వార్తాపత్రికలు పంచు పని చేపట్టెను. వాల్ట్, అతని అన్న రాయ్ తెల్లవారకమునుపే లేచి, మంచులో సైతము ఇంటింటికి పత్రికలు చేరవేయుచుండిరి.

యౌవనమున వాల్ట్ ఆ నగరముననే బొమ్మల చిత్రములు తీయు సంస్థ నొకదానిని స్థాపించెను. అది 1923లో దివాలా తీసెను. అయినను అధైర్యపడక అతడు హాలీవుడ్ చేరి, అదే సంవత్సరము అక్టోబరులో అన్నతో కలిసి వేరొక సంస్థను ఆరంభించెను. కథాకల్పన తమ్మునిది, ధనవ్యవహారము అన్నది.

1927లో ఆస్వాల్డ్ అను కుందేలు బొమ్మ వారికి పేరు తెచ్చెను. మరుసటి యేడు, మరికొంత సొమ్ము కోరుటకై వాల్ట్ న్యూయార్కు వెళ్లెను. పంపిణీదారుడు సొమ్ము పెంచకపోగా తగ్గింప జూచెను. ఒప్పందము ప్రకారము కుందేలుపై హక్కు వాల్ట్‌కు లేదు. అతని చిత్రకారులలో పెక్కురు సైతము అప్పటికే పంపిణీదారుని పక్షము చేరియుండిరి. తాను పెంచిన బొమ్మ పరులపాలగుట చూచి వాల్ట్ మిక్కిలి చింతించెను. ఇకమీదట తన సృష్టిపై హక్కును అన్యులకు విడువరాదని నిశ్చయించుకొనెను.

తన్ను విడువక నిలిచిన చిత్రకారుడు అబ్ ఐవర్క్స్ తోడ్పాటుతో అతడొక చిట్టెలుకను సృజించెను. అదియే మిక్కీ మౌస్. బొమ్మల కదలికకు సరిపడునట్లు సంగీతమును ధ్వనులను కూర్చిన 'స్టీమ్‌బోట్ విల్లీ' 1928 నవంబరు 18వ తేదీన ప్రదర్శితమై జనులను ముగ్ధులను చేసెను.

పిమ్మట అతడు మరింత సాహసమునకు పూనుకొనెను. ధ్వనిచిత్రమున సెకనుకు 24 ఫలకములు సాగును. గంటకు మించిన కథను చేతిగీతలతో నడపుటకు ఎన్ని బొమ్మలు కావలయునో ఊహింపుడు! పలువు రది పిచ్చిపని యని నవ్విరి. వ్యయము సుమారు 15 లక్షల డాలర్లకు పెరిగెను. బ్యాంకులో అప్పు చేయవలసివచ్చెను. 1937 డిసెంబరులో ఆ చిత్రము, 'స్నో వైట్', తెరకెక్కగా నవ్వినవారే మెచ్చుకొనిరి.

కాని సుఖము నిలువలేదు. యుద్ధము వలన ఐరోపాలో వర్తకము నిలిచిపోగా 1940 నాటి చిత్రములు నష్టము తెచ్చెను. 1941లో న్యాయమైన జీతములను, తెరపై తమ పేర్లను, తమ సంఘమునకు గుర్తింపును కోరి చిత్రకారులు పెక్కురు సమ్మె చేసిరి. వాల్ట్ దానిని ద్రోహముగా నెంచెను. ఒకనాడు తన శ్రమఫలము తనకు దక్కలేదని వగచినవాడే తన క్రింద పనిచేయువారి వగపును గ్రహింపలేకపోయెను. తుదకు సంస్థ వారి సంఘమును గుర్తించెను. 

1950లో 'సిండరెల్లా' విజయముతో సంస్థ తేరుకొనెను. 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలో 'డిస్నీలాండ్' వినోదవనము తెరువబడెను. పోటీలో గెలిచిన 22 ఆస్కారు బహుమానములు అతని కీర్తిని చాటినవి. 1966 డిసెంబరు 15వ తేదీన అతడు ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. విశ్రాంతి గోరుచుండిన అన్న రాయ్, తమ్ముడు తలపెట్టిన ఫ్లోరిడా వినోదవనమును పూర్తిచేయించి, దానికి తమ్ముని పేరే పెట్టి, 1971లో తెరచెను.

పోయిన కుందేలుపై హక్కు 2006లో, వాల్ట్ మరణించిన నలువది యేండ్లకు, అతని సంస్థకు తిరిగి వచ్చెను. తన కష్టమునకు విలువ కోరుట ధర్మమే. ఎదుటివాని కష్టమునకును అంతే విలువ నిచ్చినపుడే ఆ ధర్మము సంపూర్ణమగును.