కెమెరా పట్టిన ఇంజనీరు

ఇంజనీరింగు పాసై, సర్కారు వుద్యోగంలో కుదురుకుని, సెలవు దొరికితే చాలు కెమెరా భుజాన వేసుకుని బయల్దేరేవాళ్ళు ఇవాళ మన పూర్వవిద్యార్థుల్లో ఎంతమంది లేరు! వాళ్ళందరికీ పెద్దన్నయ్య అనదగినవాడు రాజా దీన్‌దయాళ్. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఆయన పేరు హైదరాబాదులో తెలియనివాళ్ళు తక్కువే గాని, ఆయన కూడా మొదట సరదాకొద్దీ కెమెరా పట్టినవాడేనన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వర్తకం చేసుకునే జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కాలేజీలో చదివి 1866లో బయటికొచ్చాడు. ఇండోరులో పబ్లిక్ వర్క్సు శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కట్టడాల కొలతలు తీయడం, ప్లాన్లు గీయడం – ఇదీ రోజువారీ పని. కెమెరా చేతికొచ్చింది 1874లో. అప్పటికి వయస్సు ముప్ఫై.

ఆ రోజుల్లో సరదా అంటే ఆషామాషీ కాదు. గాజు పలకమీద కొలోడియన్ సమంగా పరిచి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడిగా వుండగానే కెమెరాలో పెట్టాలి. ఆ తడి ఆరకముందే చీకటి గుడారంలోకి తీసుకుపోయి డెవలప్ చేయాలి. మధ్య భారతపు ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి! పైగా నెగెటివు ఎంతో ప్రింటూ అంతే. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక, దానికి తగ్గ పెట్టెంత కెమెరా, అది మోసే మనుషులు. ఒకే గోపురాన్ని నలభైసార్లు క్లిక్‌మనిపించి, తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చుని బాగున్నది ఏరుకునే వీలు లేదు. నొక్కకముందే ఏరుకోవాలి. ప్లాను గీసిన చెయ్యి గనక ఆయనకది అబ్బిందని నా అనుమానం. ఆయన తీసిన కట్టడాల బొమ్మల్లో నిలువు గీత నిలువుగానే వుంటుంది.

హోల్కరు మహారాజు, సర్ హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి తీసిన ఫొటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఈ మధ్యలోనే అసలు చిక్కొచ్చింది. తీయవలసిన కట్టడాలు చాలా వున్నాయి, ఆఫీసు వదలదు. దీర్ఘకాలం సెలవు పెట్టి వూళ్ళు తిరిగాడు. సెలవు అయిపోయాక ఇక ఆ కుర్చీలోకి పోలేదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువును, గాజు పలకల్ని నమ్ముకుని వదిలేయడం 1880లలో ఎంత సాహసమో పెళ్ళాం బిడ్డలున్నవాడికి వేరే చెప్పక్కర్లేదు.

నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరించాడు. సికిందరాబాదులో స్టూడియో వెలిసింది. బిరుదులొచ్చాయి, 1897లో విక్టోరియా రాణి రాయల్ వారంటు వచ్చింది. వాటికంటే నాకు విశేషమనిపించేది 1892లో పెట్టిన జనానా స్టూడియో. పరదా స్త్రీల కోసం ఎత్తయిన గోడల మధ్య కట్టించి, కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు.

ఇక దిద్దుబాటు సంగతి. ఫొటోల్ని మార్చే విద్య కంప్యూటరుతో పుట్టిందని మన కుర్రాళ్ళ నమ్మకం. ఆనాటి పలకలకి నీలం వెలుగంటే మహా చురుకు, ఎరుపంటే మొద్దు. అందుచేత ఆకాశం వట్టి తెల్లగా తేలిపోయేది, ముఖంమీది ఎర్రమచ్చ నల్లగా పడేది. ప్రింటులో నల్లగా వచ్చే చోటు నెగెటివులో పల్చగా వుంటుంది కదా. అక్కడ వార్నిషు రాసి సన్నని పెన్సిలుతో నింపితే మచ్చ మాయం! స్టూడియోల్లో టచింగుకి వేరే పనివాళ్ళు, ప్రింటు మీద రంగులద్దడానికి చిత్రకారులు వుండేవారు. నవాబుగారి కంఠహారం మెరవాలంటే కుంచె సాయం పట్టాల్సిందే. డబ్బిచ్చేవాళ్ళకి నచ్చేట్టు చేయడం వ్యాపారం, తప్పనలేం.

కాని అదే స్టూడియో పేరుమీద 1899–1900 కరువు చిత్రాలూ వున్నాయి. ఔరంగాబాదు ప్రాంతంలో సహాయం కోసం బారులు తీరిన ఎముకలగూళ్ళు, పక్కన తనిఖీకొచ్చిన అధికారులు. రెండేళ్ళయాక 1902లో వరంగల్లు జిల్లా నెక్కొండలో, చచ్చిన పులి దగ్గర కర్జను దొర, దొరసాని నిలబడిన ఫొటో. పులి ఫొటో లోకమంతా తిరిగింది. కరువు ఫొటోలు ఆల్బములో వుండిపోయాయి. నన్నడిగితే ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. కరువు వరసలో దిద్దడానికి నగలేమీ లేవు.

1896లో బొంబాయిలో ఇంకో శాఖ తెరిచాడు. 1905లో ఆ నగరంలోనే కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివులు 2,857 – పగలకుండా మిగిలినవి – 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి.