కీచిరో టొయోడా

హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారి అనంతపురము దాటిన పిమ్మట రాప్తాడు మీదుగా సాగిపోవును. వానలు చాలని ఈ మెట్టసీమలో ఊరికిని ఊరికిని నడుమ దూరము మెండు, నీడ తక్కువ. నడివేసవిలో బండి దారిలో నిలిచిపోయినచో అందున్నవారి అవస్థ చెప్పనలవి కాదు. అందుచే ఇచట వాహనము కొనదలచినవాడు దాని అందచందములకంటె ముందుగా అది నమ్మదగినదా, కాదా యని నలుగురిని విచారించును. అట్లు విచారించునపుడు తఱచుగా వినవచ్చు పేళ్లలో టొయోటా యొకటి. ఇది జపాను దేశపు సంస్థ. బెంగుళూరు సమీపమున బిడదిలో 1999వ సంవత్సరము చివరనుండి దీని వాహనములు తయారగుచున్నవి. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా అను బండ్లు మన దారుల కెక్కినవి.

మంచిపేరు ఒక్కనాట వచ్చునది కాదు. ఈ సంస్థ తొలినాటి లారీలు దారిలో నిలిచిపోవుటకే పేరుపడెనన్న సంగతి నేడు చాలమందికి తెలియదు. ఆ చెడ్డపేరును తుడిచివేయుటకు పాటుపడి, తన కృషి ఫలమును కన్నులార చూడకయే మరణించిన మహాశిల్పి కీచిరో టొయోడా. చిత్రమేమనగా, ఆయన కథ కారుతో గాక మగ్గముతో ఆరంభమగుచున్నది.

కీచిరో తండ్రి పేరు సకీచి. ఆయన 1867లో, నేడు కొసాయి పట్టణములో చేరియున్న యొక పల్లెలో, పేద వడ్రంగి యింట జన్మించెను. ఇండ్లలో స్త్రీలు మగ్గములపై శ్రమపడి నేయుట చూచుచు పెరిగెను. ఉలియు, బాడిసయు చేతబట్టి తండ్రివద్ద పని నేర్చుకొనుచునే, ఆ శ్రమ తగ్గించు మార్గమేదియని ఆలోచించుచుండెడివాడు. పలుమారులు విఫలుడైన పిమ్మట 1891లో మెఱుగుపరచిన చేమగ్గమునకు తొలి పేటెంటును పొందెను. 1896లో యంత్రశక్తిచే నడచు మగ్గమును నిర్మించెను.

ధర్మవరపు పట్టుచీరలు మనకు సుపరిచితములు. అచటి మగ్గములను చూచినవారికి ఒక విషయము తెలిసియుండును. పడుగులో ఒక్క పోగు తెగినను నేతగాడు వెంటనే చేయి ఆపును. తెగినదానిని అతికి, పిమ్మటనే నాడెను కదలించును. మనిషి నేయునపుడు ఇది సులభము. యంత్రము నేయునపుడో? దానికి కన్నులు లేవు. పోగు తెగినను అది ఆగక నేయుచునే పోవును. మూరలకొలది బట్ట చెడిపోవును. అందుచే ఒక్కొక్క మరమగ్గమువద్ద ఒక్కొక్క మనిషి కావలి యుండవలసి వచ్చెడిది.

సకీచి దీనికొక ఉపాయము కనుగొనెను. పడుగులోని ప్రతిపోగును పలుచని లోహపు రేకు నొకదానిని మోయుచుండును. పోగు తెగినంతనే ఆ రేకు క్రిందికి జారును. అది జారగనే మగ్గము తనంతట తాను నిలిచిపోవును. ఇక కావలివానితో పని లేదు. పిలుపు వచ్చిన మగ్గమువద్దకే మనిషి పోయిన చాలును. ఇట్టి ఏర్పాటులన్నియు కూడిన స్వయంచాలక మగ్గము 1924లో సిద్ధమయ్యెను. దానిలో నాడె మార్చుటకు సయితము మగ్గమును ఆపనక్కఱలేదు. ఒక్క పనివాడు ముప్పదికి పైగా మగ్గములను చూచుకొనగలిగెను. తప్పు దొరలిన క్షణముననే పని ఆపవలెనన్న ఈ నియమమే తరువాతి కథకంతటికిని మూలము.

ఆ మగ్గమును తీర్చిదిద్దుటలో తండ్రికి కుడిభుజమై నిలిచినవాడు కీచిరో. ఆయన 1894 జూన్ 11న జన్మించెను. తండ్రి పరిశోధనలలో మునిగి ఇల్లు పట్టక తిరుగుచుండెను. తల్లి ఇల్లు విడిచి పుట్టినింటికి పోయెను. పసివానిని తాతయు నాయనమ్మయు పెంచిరి. ఆ బాలుడు మితభాషిగా పెరిగెను. టోక్యో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివి 1920లో పట్టభద్రుడయ్యెను. మఱుసటి సంవత్సరము తండ్రి నడుపు నూలుమిల్లులో చేరెను. అమెరికా, ఇంగ్లండు దేశములకు పోయి, ఓల్డుహాము నగరమున ప్రసిద్ధమైన ప్లాట్ సోదరుల మగ్గముల కర్మాగారములో పని చూచి నేర్చుకొనెను. చదువుకొన్నవాడనను గర్వమాయనకు లేదు. చేతులకు నూనె అంటనీయని ఇంజనీరును ఆయన ఇంజనీరుగా లెక్కించెడివాడు కాడు.

1923 సెప్టెంబరు 1న జపానులో ఘోరమైన భూకంపము వచ్చెను. టోక్యో నగరము కూలి కాలి బూడిదయ్యెను. రైలుపట్టాలు, ట్రాముపట్టాలు చెడిపోగా జనుల రాకపోకలకు ఆధారము లేకపోయెను. నగరపాలకులు అమెరికానుండి ఫోర్డు బండ్లను తెప్పించి బస్సులుగా నడపిరి. మోటారు వాహనము విలువ జపాను ప్రజలకు అపుడు బోధపడెను. 1925లో ఫోర్డు సంస్థ యొకొహామాలోను, 1927లో జనరల్ మోటార్సు ఒసాకాలోను బండ్లను కూర్చు కర్మాగారములను తెఱచెను. జపాను వీథులు అమెరికా కార్లతో నిండిపోయెను. మగ్గము చేయగలిగినవారము కారును ఏల చేయలేమన్న ఆలోచన కీచిరో మనస్సున నాటుకొనెను.

1929లో ప్లాట్ సోదరులు టొయోడా మగ్గముపై హక్కులకై లక్ష పౌనులకు ఒప్పందము చేసికొనిరి. కీచిరో శిష్యుడై పని నేర్చిన సంస్థయే అతని వారి మగ్గమును కోరివచ్చుట గొప్ప విశేషము. కుమారుని క్రొత్త ఆలోచనను ప్రోత్సహించిన సకీచి 1930 అక్టోబరులో మరణించెను. మగ్గముల సంస్థకు అధిపతిగా నుండిన రిసాబురో, కీచిరోకు చెల్లెలి భర్త. మోటారు పరిశ్రమలో పెట్టుబడి మెండు, నష్టము తథ్యమని ఆయన జంకెను. అయినను 1933లో ఆ సంస్థలోనే మోటారు విభాగ మొకటి ఏర్పడెను.

కీచిరో ఒక అమెరికా కారును తెప్పించి, విడదీసి, ప్రతిభాగమును కొలిపించెను. కొలతలు తెలిసినను చేత పని కుదురలేదు. ఇంజనులో సిలిండరులుండు దిమ్మెను పోతపోయుట మిక్కిలి కష్టమయ్యెను. లోపల సన్నని గోడలును, బోలుదారులును గల ఆ దిమ్మెకు ఇసుకతో మూసలు చేయవలెను. పోసినవి పోసినట్లు పనికిరాక పోయెను. చెడినవాటిని పగులగొట్టి కరగించి మరల పోసిరి. నెలల తరబడి ఇట్లు సాగెను. తుదకు 1935 మే నెలలో తొలి కారు నమూనా సిద్ధమయ్యెను. ఆ నవంబరులో జీ-1 అను లారీని టోక్యోలో ప్రజలకు చూపిరి. దానిని కరియానుండి టోక్యోకు నడిపించుకొని పోవుచుండగా దారిపొడవునను మరమ్మతులు చేయవలసి వచ్చెను.

అమ్మిన పిమ్మట అసలు పరీక్ష మొదలయ్యెను. లారీల ఇరుసుపెట్టెలు విరిగెను. ఇతర భాగములును చెడెను. సరకుతో నిండిన బండ్లు నడిదారిలో నిలిచిపోయెను. కొన్నవారి కోపము కట్టలు తెంచుకొనెను. ఇట్టి సమయమున సామాన్య వర్తకుడు నెపమును రోడ్డుమీదనో, నడపువానిమీదనో త్రోసివేయును. కీచిరో అట్లు చేయలేదు. బండి నిలిచిన తావునకు తన మనుష్యులను పంపెను; తానును పోయెను. బండి క్రిందకు దూఱి విరిగిన భాగమును స్వయముగా పరీక్షించెను. కొన్నవానికి బండి నడచునట్లు చేయుట మొదటి పని. విరిగిన కారణము కనుగొని, మఱుసటి బండిలో ఆ దోషము లేకుండ చేయుట రెండవ పని. జనరల్ మోటార్సునుండి వచ్చి అమ్మకముల భారము వహించిన షోతారో కమియాయు ఇదే మార్గమున నడచెను. కొన్నవాని మేలు మొదటిది, అమ్మిన వర్తకుని లాభము రెండవది, తయారుచేసిన సంస్థ లాభము చివరిది యని ఆయన సిద్ధాంతము.

1936లో సంస్థ చిహ్నమునకై ప్రజలకు పోటీ పెట్టిరి. ఆ సందర్భముననే టొయోడా అను ఇంటిపేరు టొయోటాగా మారెను. జపాను లిపిలో ఈ క్రొత్తపేరు వ్రాయుటకు ఎనిమిది గీతలు చాలును. ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937 ఆగస్టు 28న టొయోటా మోటారు సంస్థ వేఱుగా స్థాపింపబడెను. కర్మాగారమునకు కొరొమో పట్టణము చెంత నొక బీడునేలను ఎన్నుకొనిరి. ఆ పట్టణము పూర్వము పట్టుకాయల వ్యాపారమునకు పేరుపొంది, పట్టు గిరాకి తగ్గుటచే చితికిపోయినది. 1938 నవంబరులో కర్మాగారము పూర్తియయ్యెను. ఏ భాగమైనను కావలసిన వేళకు, కావలసినంతయే సిద్ధము కావలెనని, ముందుగా చేసి కుప్పలు పోయరాదని కీచిరో అచట నియమించెను.

యుద్ధము ఈ ఏర్పాటులను చెదరగొట్టెను. ఆ సంవత్సరములలో సంస్థ ముఖ్యముగా సైన్యమునకు లారీలు చేసెను. 1941లో కీచిరో అధ్యక్షుడయ్యెను. జపాను లొంగుబాటు ప్రకటనకు ఒక్కదినము ముందు, 1945 ఆగస్టు 14న, బాంబులు పడి కర్మాగారములో దాదాపు నాల్గవ వంతు నాశనమయ్యెను. శిథిలములనుండి మరల పని మొదలుపెట్టిరి. 1949లో ప్రభుత్వము ధనప్రవాహమును బిగింపగా కొనువారు లేకపోయిరి. కొన్నవారు సొమ్ము చెల్లింపలేకపోయిరి. జీతములకే ధనము కఱవయ్యెను. బ్యాంకులు అప్పిచ్చుటకు అంగీకరించెను గాని పనివారి సంఖ్య తగ్గింపవలెనని పట్టుబట్టెను.

కీచిరోకు ఇది ప్రాణసంకటమయ్యెను. పనివారిని తొలగింపనని ఆయన మాట యిచ్చియుండెను. 1950 ఏప్రిలునుండి జూనువఱకు కార్మికులు సమ్మెలు సాగించిరి. తుదకు రెండువేలమందికి పైగా పని విడిచి పోవలసి వచ్చెను. ఇచ్చిన మాట నిలుపుకొనలేని నాడు ఆ పీఠమున కూర్చుండుట తగదని తలచి కీచిరో 1950 జూన్ 5న అధ్యక్షపదవిని విడిచెను. ఆ నెలలోనే కొరియా యుద్ధము ఆరంభమయ్యెను. అమెరికా సైన్యము లారీలను కోరుటతో సంస్థ గట్టెక్కెను. ఆయన స్థానమున వచ్చిన తైజో ఇషిదా 1952లో ఆయనను మరల రమ్మని కోరెను. కీచిరో ఒప్పుకొనెను. కాని విధి వేఱుగా నుండెను. 1952 మార్చి 27న, ఏబదియేడవ యేట, ఆయన మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. తాను కలగన్న చిన్నకారు జపాను ప్రజల ఇండ్లముందు నిలుచుటను ఆయన చూడలేదు. 1959లో కొరొమో పట్టణమునకు టొయోటా యనియే పేరు పెట్టిరి.

ఆయన నాటిన విత్తనము మాత్రము ఎండిపోలేదు. నూలుమిల్లులో పనిచేసి వచ్చిన తైఇచి ఓనో అను ఇంజనీరు మగ్గపు సూత్రమును కార్ల కర్మాగారమున ప్రవేశపెట్టెను. అచట బండ్లు వరుసగా కదలిపోవుచుండగా పనివారు భాగములను బిగింతురు. ఏ పనివానికి దోషము కనబడినను అతడు త్రాడు లాగి ఆ వరుసనంతటిని ఆపవచ్చును. అట్లు ఆపినవానిని నిందింపరు. అది ఏల జరిగెనని ప్రశ్నించి, వచ్చిన సమాధానముపై మరల ప్రశ్నించి, మూలము దొరకువఱకు విడువరు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ కారు అచటి వేగమునకు తాళలేక అపకీర్తి తెచ్చెను. సంస్థ ఆ ఎగుమతిని ఆపి, లోపములు దిద్దుకొని మరల పోయెను. 1966లో వచ్చిన కొరొల్లా లోకమంతట వ్యాపించెను.

కీర్తి వచ్చిన పిమ్మటను పోగులు తెగుచునే యుండును. 2009, 2010 సంవత్సరములలో వేగపు మీటల దోషములచే లక్షలకొలది బండ్లను వెనుకకు పిలువవలసి వచ్చెను. 2010 ఫిబ్రవరిలో కీచిరో మనుమడు అకియో టొయోడా అమెరికా శాసనసభా సంఘము ముందు నిలిచి క్షమాపణ చెప్పుకొనెను. 2024 జనవరిలో, సకీచి స్థాపించిన మగ్గముల సంస్థయే డీజిలు ఇంజనుల పరీక్షలలో అక్రమములు చేసినట్లు వెల్లడియయ్యెను. మన దేశమునను ఇన్నోవా క్రిస్టా మున్నగు కొన్ని బండ్ల పంపకమును కొంతకాలము ఆపిరి. తాత చేసిన నియమమును మఱచిన సంస్థకు తాత పేరు రక్ష కాజాలదు.

దారిలో నిలువని బండి, తప్పు కనబడగనే నిలిచిపోవు మగ్గమునుండి పుట్టెను. తప్పును కప్పిపుచ్చి ముందుకు సాగినవాని బట్ట మూరలకొలది చెడును. ఆగి, తెగిన పోగును అతికినవాని బట్ట నిలుచును. లెక్క చేయు విద్యార్థికిని, మడక దున్ను రైతునకును, యంత్రము నడపు శ్రామికునకును కీచిరో జీవితము బోధించునది ఇదియే.