సైకిల్ మాత్రమే కాదు.. సుందరయ్య వదులుకున్న కుర్చీ గురించి తెలుసా?

గుణదల నుంచి ఏలూరు రోడ్డు పట్టుకుని రామవరప్పాడు రింగ్ దాటి ముందుకెళ్తే గన్నవరం. ఇప్పుడు ఆ పేరు వినగానే ఎయిర్‌పోర్టే గుర్తొస్తుంది. ఒకప్పుడు మాత్రం అది పుచ్చలపల్లి సుందరయ్య నియోజకవర్గం. 1955, 1962, 1978లో.. మూడుసార్లు ఇక్కడి జనం ఆయన్ని అసెంబ్లీకి పంపారు.

ఆయన ఊరు మాత్రం ఇది కాదు. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న కుటుంబంలో పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. చివర్లో ఉన్న ఆ రెడ్డిని తీసేశారు. 17 ఏళ్లకే ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్లారు. తర్వాత కమ్యూనిస్టు అయ్యారు, కూలీలకు సంఘం పెట్టారు. తన వాటా ఆస్తిని ఉద్యమానికే ఇచ్చేశారు. 1943లో లీలను పెళ్లి చేసుకున్నారు. కులాలు వేరు. ప్రజల పనికి అడ్డు రాకూడదని పిల్లలే వద్దనుకున్నారు ఇద్దరూ.

ఇక సైకిల్ సంగతి. 1952లో రాజ్యసభకు వెళ్లారు, అక్కడ కమ్యూనిస్టుల నాయకుడు కూడా ఆయనే. అయినా పార్లమెంట్‌కి సైకిల్ తొక్కుకుంటూనే వెళ్లేవారు. రీల్స్‌లో ఎక్కువగా తిరిగేది ఈ ముక్కే. బాగుంటుంది కాబట్టి తిరుగుతుంది. కానీ సైకిల్ ఎక్కడం కంటే కష్టమైన పని ఇంకోటి చేశారాయన.

1964లో సీపీఎం ఏర్పడగానే తొలి ప్రధాన కార్యదర్శి సుందరయ్యే. అంటే దేశం మొత్తం మీద పార్టీకి పెద్ద. పదేళ్లు దాటాక, ఎమర్జెన్సీ రోజుల్లో, ఆ పదవికి రాజీనామా చేశారు. జనసంఘ్‌తో కలిసి పని చేయడం లాంటి విషయాల్లో పార్టీలో మెజారిటీ ఒకవైపు, ఆయన ఒకవైపు. తన మాట నెగ్గలేదు. అలాంటప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.. కొత్త పార్టీ, కొత్త జెండా. సుందరయ్య అలా చేయలేదు. కుర్చీ దిగారు, పార్టీలోనే ఉన్నారు. ఇది వినయం ఒక్కటే అంటే పొరపాటు. నమ్మిన మాట మీద పట్టుదల కూడా. ఆ పట్టుదలకి పార్టీని బలి పెట్టలేదు, అంతే.

తర్వాత? తిరిగి ఆంధ్రాకి వచ్చేశారు. 1978లో మళ్లీ గన్నవరంలో నిలబడ్డారు. జాతీయ పార్టీకి అధినేతగా చేసిన మనిషి, 64 ఏళ్ల వయసులో, ఒక నియోజకవర్గం ఎమ్మెల్యేగా అసెంబ్లీలో కూర్చున్నారు.

1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు.