పలకకు ముందు పలుకు

పలక పట్టించే ముందు పిల్లవాని పలుకు వినాలని ఆచరించి చూపిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి చేపట్టారు. కొండ సవరలకు చదువు చెప్పదలచి, ముందు తామే వారి భాష అభ్యసించారు. అందులో వాచకాలు రచించి, బడులు నడిపారు. తెలుగు పిల్లలు సైతం శిష్టుల వాడుకభాషలోనే వ్రాయాలని వాదించి, 1919లో 'తెలుగు' పత్రిక స్థాపించారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంట ఉర్దూయో లంబాడీయో మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు వ్రాత నేర్చుకుంటున్నారు. వారి తప్పులకు ఎర్రసిరాతో సున్నలు చుట్టడమే బోధన అని మేమూ ఒకప్పుడు భ్రమించాం. పిల్లవాడు ముందు తన మాటలో చెప్పాలి, పిదప వ్రాయాలి, ఆపై దిద్దుకోవాలి. పంతులుగారి జీవితం నుండి మేము ఆలస్యంగా గ్రహించిన ఈ పాఠాన్ని, రేపటి ఉపాధ్యాయులైన మా విద్యార్థులు ముందే గ్రహింతురు గాక!