పాలమూరుకు పేరైన పులివేట నవాబు

మన్ననూరు: శ్రీశైలం దారిన పోయేవారికి నల్లమలలోని ఫర్హాబాద్ తెలిసిన చోటే. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. ఫర్హాబాద్‌లో వారి శికారు బంగళా ఉండేది. ఆ వంశంలో వేటకు పేరుమోసినవారు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదనే.

1866లో పుట్టిన మహబూబ్‌కు తండ్రి పోయేనాటికి రెండున్నరేళ్లు. పసివాణ్ణి గద్దెనెక్కించి సాలార్‌జంగ్ తదితరులు పాలన నడిపారు. 1884లో వైస్రాయి రిప్పన్ వచ్చి అధికారం ఆయన చేతికిచ్చారు.

తుపాకీ గురిలో ఆయనకు సాటి లేదని ప్రతీతి. ముప్పై పులులకు పైగా కొట్టారంటారు. తీస్ మార్ ఖాన్ అన్న మాట ఆయన వల్లే పుట్టిందని జనం చెప్పుకుంటారు. అయితే వేట ఒక్కరి పని కాదు. పులి జాడ తీసేవాడు, దూడను ఎరగా కట్టేవాడు, మంచె వేసేవాడు, డప్పులతో పొదలు కదిపేవాడు అందరూ ఊరివాళ్లూ అడవి మనుషులే. పులి తిరగబడితే ముందు చిక్కేది వాళ్లే. ఫొటోలో మాత్రం పులి పక్కన దొర ఒక్కడే.

దొరలకు వేట విందు కూడా రాచకార్యమే. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్లు వైపు నెక్కొండ అడవిలో విడిది చేసి పులిని కొట్టారు. రాజా దీన్‌దయాళ్ ఆ ఫొటో తీశారు. అదే ఏడు నవంబరులో, ఏటా 25 లక్షల రూపాయలకు బీరారు శాశ్వత కౌలు కింద ఇంగ్లీషువారి పాలైంది. అతిథికి పులీ దక్కింది, బీరారూ దక్కింది. ఆతిథ్యం ఇచ్చినవారికి మిగిలింది కౌలు సొమ్ము.

ఎలా చూసినా జనం ఆయనను తిట్టుకోలేదు. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలచుకుంటే విషం దిగుతుందని నమ్మేవారు. 1908లో మూసీ పొంగి వేల మంది కొట్టుకుపోయినప్పుడు నిలువ నీడ లేనివారికి ప్యాలెస్ తలుపులు తెరిపించారు. 1911లో ఫలక్‌నుమాలో కన్నుమూశారు. మక్కామసీదు ఆవరణలో సమాధి ఉంది.

1972 చట్టంతో పులివేట నేరమైంది. 1983లో నల్లమల పులుల అభయారణ్యమైంది. చెంచులు ఇప్పుడూ పులి జాడ తీస్తున్నారు, అటవీ శాఖ లెక్కల కోసం.