స్వప్నద్రష్ట యోసేపు

కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగినవారికి కరువును వర్ణించి చెప్పనక్కరలేదు. 1876–78 నాటి ధాత కరువు మాట తరతరాలుగా చెప్పుకొన్న ఇండ్లు ఇక్కడ ఉన్నవి. పండిన యేట జొన్నలు పాతర వేసి పండని యేటికి కాపాడుకొనుట మన రైతులు ఎరిగిన విద్యయే. అందుచేత బైబిలు ఆదికాండములోని యోసేపు చరిత్ర మనకు పరాయి కథగా తోచదు. అది కలల కథ, ఫలించిన భవిష్యవాణి కథ. అంతకు మించి గింజల కథ.

కనాను దేశమున యాకోబుకు ముదిమిలో పుట్టిన కుమారుడు యోసేపు, పన్నిద్దరిలో పదునొకండవవాడు. తండ్రి ముద్దుగా అతనికొక నిలువుటంగీ కుట్టించినాడు. 17 ఏండ్ల ప్రాయమున అతనికి రెండు కలలు వచ్చినవి. ఒకదానిలో అన్నల పనలు తన పన చుట్టూ చేరి వంగినవి. మరొకదానిలో సూర్యచంద్రులు, పదకొండు నక్షత్రములు తనకు మ్రొక్కినవి. దాచుకొనవలసిన కలలను ఆ బాలుడు అన్నలకే చెప్పినాడు. వారు అసూయతో అతనిని నీళ్ళు లేని గోతిలో పడద్రోసి, 20 తులముల వెండికి వర్తకులకు అమ్మివేసి, మేకరక్తములో ముంచిన అంగీని తండ్రికి చూపినారు.

ఐగుప్తులో పోతీఫరు ఇంట దాసుడైన యోసేపు, యజమానురాలు మోపిన అబద్ధపు నిందతో చెరసాల పాలైనాడు. అక్కడ రాజుగారి పానదాయకునికి, భక్ష్యకారునికి వచ్చిన కలలకు అర్థము చెప్పినాడు. చెప్పినట్లే మూడవ దినమున ఒకడు కొలువు చేరినాడు, ఒకడు మరణశిక్ష పొందినాడు. కొలువు చేరినవాడు ఉపకారిని మరచినాడు. రెండేండ్లు గడచినవి.

అప్పుడు ఫరో రాజునకు కల వచ్చినది. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు, ఏడు నిండు వెన్నులను ఏడు పీల వెన్నులు మ్రింగివేసినవి. ఆస్థాన పండితులు తెల్లబోయినారు. పానదాయకునికి పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. 30 ఏండ్ల యోసేపు రాజు ఎదుట నిలిచి, అర్థము చెప్పువాడు దేవుడే గాని తాను కాదని విన్నవించి, ఏడేండ్ల సమృద్ధి వెనుక ఏడేండ్ల కరువు రానున్నదని తెలిపినాడు. సామాన్య జోస్యుడైనచో అంతటితో సంభావన అందుకొని వెళ్ళియుండును. యోసేపు ఉపాయము కూడ చెప్పినాడు: మంచి యేండ్ల పంటలో ఐదవ వంతు తీసి పట్టణములలో నిలువ చేయవలెను. ఫరో ఆ భారమును అతనికే అప్పగించి, తన తరువాతివానిగా నిలిపినాడు.

కరువు వచ్చినది. కనాను నుండి అన్నలు పదిమంది ధాన్యమునకై వచ్చి, ఎదుట నున్నది తమ్ముడని ఎరుగక సాగిలపడినారు. పనల కల ఫలించినది. యోసేపు పగ తీర్చుకొనదలచినచో వారింపగలవాడు లేడు. అతడు వారిని పరీక్షించినాడు. ఒకనాడు తమ్ముని అమ్మివేయుదమన్న యూదాయే, చిన్నవాడైన బెన్యామీనుకు బదులు తాను దాసుడుగా ఉందునని ముందుకు రాగా, యోసేపు బిగ్గరగా ఏడ్చి తన పేరు చెప్పుకొన్నాడు. ఎందరి ప్రాణములో నిలుపుటకు దేవుడే తనను ముందుగా పంపినాడని వారిని ఓదార్చినాడు. చిన్ననాటి కలకు అర్థము అప్పుడు తేటపడినది. ఆ పనలు వంగినది అతని గొప్పతనమునకు కాదు, పదిమంది ఆకలి తీరుటకు.

ఈ కథలో ముల్లు కూడ ఉన్నది. కరువు ముదిరిన కొలది ప్రజలు పశువులను, భూములను, తుదకు తమ్ము తామే ఫరోకు అమ్ముకొని గింజలు తెచ్చుకొన్నారని అదే గ్రంథము దాచక చెప్పుచున్నది. ప్రాణము దక్కినది గాని నేల దక్కలేదు. అప్పులకు చేలు పోగొట్టుకొన్నవారిని ఎరిగిన మనము ఈ ఘట్టమును తేలికగా దాటిపోలేము.

110 ఏండ్లు జీవించిన యోసేపు, దేవుడు తనవారిని మరల కనానుకు చేర్చునని చెప్పి, ఆనాడు తన ఎముకలను కూడ తీసికొనిపోవలెనని ప్రమాణము చేయించుకొన్నాడు. తరములు గడచిన పిదప మోషే వాటిని వెంట తీసికొని బయలుదేరినాడు. అవి షెకెములో మట్టి చేరినవి.

యోసేపు ఏడేండ్ల కరువును ముందుగా ఎరిగి ఏడేండ్ల పంటను దాచినాడు. రాబోవునది ఎరుగుట దైవానుగ్రహము కావచ్చును; దానికై గాదె నింపుట మాత్రము మనుష్యుని పని. కరువు ఎరిగిన సీమలోని పిల్లలకు ఈ మాట చెప్పదగినది.